ఇశేసాలు

మా కంపెనీ పుట్టింది పోలీసు టేసన్లోనే.
నానన్న మాట కాదిది,
కొత్తగా సేరినోళ్లకి సర్కిల్‌గారే సెప్తుంటారు.
రిటైరైన మర్నాడు
రాజాం రోడ్డు మీద మందుల కొట్టు పైన
ఓ గది, రెండు కుర్సీలు, ఓ ఫోను,
‘పోలమాంబ సెక్యూరిటీ’ అని తడి ఆరని బోర్డు.

జీపు డ్రైవరు, ఇద్దరు హెడ్లు, ఓ హోంగార్డు
ఆయనెనకే వొచ్చీసినారు.
అక్కడ రైటరు పాపయ్య ఇక్కడా రైటరే.
అదే ఎర్రట్ట పుస్తకం, అవే గళ్లు:
వొచ్చిన టైము, ఎల్లిన టైము, ఇశేసాలు.
ఇశేసాల గడిలో రోజూ ఒకటే మాట రాస్తాం,
ఏటీ నేవు.

కోట బజార్లో లెంక సూరి
పాత కాకీ గుడ్డకి నీలం రంగేయించి
బుజాల మీద పట్టీలు మార్సి కుట్టినాడు.
ఎండలో నిలబడి సెమటోడితే
సంకల కాడ నీలం పోయి కాకీ తేల్తాది.
ఆ సంగతి తొడుక్కున్నోడికే తెలుస్తాది.

నన్ను పన్లోకి తీసుకున్నప్పుడు
గోడకానించి ఎత్తు కొలిసినారు.
సంతకం ఎట్టగలవా అన్నారు.
“కేసులేవైనా ఉన్నాయా నీ మీద?”
తమకి తెల్వదా బాబూ
అని నోటిదాకా వొచ్చింది.
“నేవండి” అన్నాను.

ఒకటుండీది.
గోగునార మిల్లు తాళాలేసీసిన ఏడు
మూడు నెల్ల జీతం కోసం గేటు ముందు కూకున్నాం.
టెంటు కింద గంజి కాసుకున్నాం,
సంకురుమయ్య తప్పెట కొడితే ఆడోళ్లు నవ్వినారు కూడాను.
నాలుగో రోజు తెల్లారగట్ల జీపులొచ్చినాయి.
అందర్నీ కొట్టనేదు, ముందు వరసనే.
ముందు వరసలో నానున్నాను.
ఈ ఎడం మోకాలు ఆయన సేతి లాటీదే.
వానొచ్చే ముందు నాకు కబురెడతాది.

ఆయనకి గుర్తు నేదు.
ఉండాలని నానెందుకనుకున్నానో!
ఎంతమంది మోకాళ్లు గుర్తెట్టుకుంటాడు ఒక్క మనిసి?

పాపయ్య డ్యూటీ లిస్టు గోడకంటించినాడు.
సదువుకున్న గుంటలకి ఏటీయెమ్ములు,
ఇంగిలీసు ముక్కొచ్చినోడికి కాలేజీ,
నాకు మిల్లు. నైటు.
అదే గేటు. ఈపాలి లోపలేపు కుర్సీ.
టెంటు రాట పాతిన గొయ్యిలో
ఎవులో బీడీలార్పి పోనారు.
మగ్గాలు తుప్పు కింద అమ్ముడైపోనాయి,
నార వాసన మాత్రం ఎవుడూ కొననేదు.
తెల్లార్లూ దాన్నే కాస్తన్నాను.

ఓ రాత్రి సెకింగుకొచ్చినారు సర్కిల్‌గారు.
స్కూటీ దిగడానికే ఆయాసపడ్డారు.
నా కుర్సీలో కూకుని
కుడికాలు సాపి, మెల్లగా ఒత్తుకుంటా
“వాన పడేలా ఉంది తవిటయ్యా,
మోకాలు లాగేస్తోంది” అన్నారు.
నా సెయ్యి నాకు తెలీకుండా
నా ఎడం మోకాలి మీదికెల్లింది.

ఫ్లాస్కులో టీ మూతలో పోసిచ్చినాను.
ఊదుకుంటా గేటేపు సూసినారు.
“ఇక్కడ ఒకసారి పెద్ద గొడవైంది, నువ్వెరగవు.
మనవాళ్లు కాబట్టి ఆపగలిగారు.”

మనవాళ్లు.

ఆ మాటలో నానున్నాను.
నీలం సొక్కాతో, ఈలతో, పదకొండు ఏల జీతంతో
మద్దిన నిలబడున్నాను.
సంకురుమయ్య మరి నేడు, తప్పెట నేదు.
“చిత్తం” అన్నాను.
కొట్టినప్పుడు కూడా అదే అన్నానేమో, గుర్తు నేదు.

స్కూటీ లైటు మలుపు తిరిగింది.
పుస్తకం తీసి టైములు రాసినాను.
ఇశేసాల గడి కాడ పెన్ను ఆగిపోనాది.
అంతలో రేకుల మీద టపటపమని మొదలైంది.

రాత్రి రెండుంబావుకి వాన, అని రాసినాను.

పొద్దున్న పాపయ్య కళ్లజోడు ఎత్తి సూసి
“వాన ఇశేసమేట్రా?” అన్నాడు.
కొట్టీనేదు మరి.